కుతుబ్‌ఖానాకు మనిషి కావాలి

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి. ఉర్దూలో మాట్లాడమంటే నాకు సులువు. కాని ఈ ప్రసంగాన్ని సావనీరులో అచ్చు వేస్తామని కార్యదర్శిగారు ముందే చెప్పారు. మన ఇళ్ళలో సావనీరు ఎవరు చదువుతారని ఆలోచించాను. మగవాళ్ళం ప్రకటనల పేజీలు తిరగేసి, ఎవరి దుకాణం ప్రకటన నిండు పేజీ వచ్చింది, ఎవరిది పావు పేజీ వచ్చింది అని చూసుకుని పక్కన పెడతాము. లోపలి పేజీలు చదివేది ఆడవాళ్ళు, కాలేజీ పిల్లలు. వాళ్ళలో చాలామందికి ఉర్దూ మాట్లాడడం వచ్చుగాని, చదువు మాత్రం తెలుగులోనే సాగుతుంది. అందుకని తెలుగులోనే రాసుకొచ్చాను. మధ్యమధ్య నా ఉర్దూ దొర్లితే మన్నించండి.

పుస్తకాల గురించి మాట్లాడే వాళ్ళు మన మతంలో చదువుకున్న విలువతో మొదలుపెట్టడం రివాజు. ఆ మాట మీరు ప్రతి జల్సాలోనూ విన్నారు. దాన్ని వదిలేసి నేరుగా సంగతిలోకి వస్తున్నాను. సంఘం నడిపే బడిలో కుతుబ్‌ఖానా కోసం రెండు స్టీలు బీరువాలు, వాటినిండా పుస్తకాలు కొనాలని ఈ ఏటి తీర్మానాల్లో ఒకటి ఉంది. తీర్మానం మంచిదే. దాత కూడా దొరికారు, అల్లా ఆయనకు బరకత్ ఇవ్వాలి. నా మనవి ఒక్కటే. బీరువా ఒకటి చాలు. రెండో బీరువా డబ్బుతో ఆ గదిని నడిపే మనిషిని తయారు చేద్దాము. ఎందుకో చెప్తాను, ఓపికగా వినండి.

మన జిల్లాలో ఒక బడి ఉంది, పేరెందుకు. పుస్తకాలు ఆరువందల దాకా ఉండేవి. రిజిస్టరు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉండేది. తాళంచెవి హెడ్‌మాస్టరు గారి సొరుగులో ఉండేది. ఆయనకు బదిలీ అయింది. కొత్తాయన లెక్క చూస్తే రెండు పుస్తకాలు తక్కువ వచ్చాయి. "లెక్క సరిపోయేదాకా నేను చార్జి తీసుకోను" అన్నాడు. పాతాయన వచ్చి సంతకం పెట్టడానికి తీరిక లేదు. రెండేళ్ళు ఆ బీరువా అలాగే ఉంది. మూడో ఏడు తెరిచేసరికి కింది రెండు అరల్లో చెదలు పట్టి, పుస్తకాలు అప్పడాల్లా విరిగిపోయాయి. రెండు పుస్తకాల లెక్క కోసం వంద పుస్తకాలు మట్టి పాలయ్యాయి. ఇందులో ఎవరిదీ దురాశ లేదు. ఉన్నదల్లా భయం. పుస్తకం పోతే జీతంలో కోస్తారేమో, ఆడిట్‌లో పట్టుకుంటారేమో అన్న భయం. మన ఉర్దూ బడుల్లో చాలా చోట్ల లైబ్రేరియన్ అని ప్రత్యేకంగా ఎవరూ ఉండరు. ఎవరో ఒక పంతులు మెడకు ఆ తాళంచెవి కడతారు. అతనికి లెక్కలు చెప్పడం వచ్చు, సైన్సు చెప్పడం వచ్చు. ఈ పని మాత్రం ఎవరూ నేర్పలేదు. నేర్పని పని మనిషి భయపడుతూ చేస్తాడు, భయపడేవాడు ముందుగా చేసేది తాళం వెయ్యడం.

ఈ భయానికి మందు ఉంది. కేంద్ర ప్రభుత్వం వారి సాధారణ ఆర్థిక నియమావళి, 2017 నాటిది, 215వ నియమం చూడండి. ఏడాదిలో చదువరులకు ఇచ్చిన, చూడడానికి తీసిన పుస్తకాల్లో వెయ్యికి అయిదు పోవడం సహజ నష్టం కింద లెక్క కట్టవచ్చునని అందులో ఉంది. మోసంగాని, నిర్లక్ష్యంగాని లేకపోతే సరి. వెయ్యి రూపాయలు మించిన పుస్తకమో, అరుదైన పుస్తకమో పోతే మాత్రం విచారణ తప్పదు. ఇది కేంద్ర ప్రభుత్వ గ్రంథాలయాలకు రాసిన నియమం, మనల్ని కట్టేది కాదు. కాని మన కార్యవర్గం ఇలాంటి నియమం ఒకటి రాసిపెట్టుకోవడానికి ఎవరి అనుమతి కావాలి? చూశారా, ఈ ఒక్క నియమం తెలిసిన మనిషి ఉంటే ఆ ఆరువందల పుస్తకాలు బతికేవి. గ్రంథాలయ శిక్షణ అంటే సగం ఇలాంటివే.

శిక్షణ లేని పంతులు లైబ్రేరియన్ అయితే ఎలా ఉంటుందో అందరికంటె బాగా తెలిసినవాడు రంగనాథన్ గారు. శియాలిలో 1892లో పుట్టిన ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కల పంతులు. 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్‌గా చేరారు. కొన్నాళ్ళకే ఆ ఒంటరితనం భరించలేక కాలేజీకి వచ్చి, నా పాత ఉద్యోగం నాకిచ్చెయ్యండి అని అడిగారట. ముందు ఇంగ్లాండు వెళ్ళి నేర్చుకుని రా, అప్పటికీ నచ్చకపోతే చూద్దామన్నారు. వెళ్ళారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో సేయర్స్ అనే ఆచార్యుని దగ్గర చదివి, క్రాయ్‌డన్‌లో ఆయన నడిపే ఊరి గ్రంథాలయంలో పని చూసి, ఇంకా ఎన్నో గ్రంథాలయాలు తిరిగారు. లండన్‌లో ఒక పెద్ద దుకాణంలో పిల్లలు ఆడుకునే మెకానో బొమ్మల సెట్టు చూసి, అవే ముక్కలు మార్చి మార్చి బిగిస్తే కొత్త కొత్త బొమ్మలవుతున్నాయి గదా, పుస్తకాల వర్గీకరణ కూడా ఇలా చెయ్యొచ్చునే అనుకున్నారు. ఆ ఆలోచనలోంచి 1933లో కోలన్ వర్గీకరణ వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందు, 1931లో అయిదు సూత్రాల పుస్తకం రాశారు. పుస్తకం దాచడానికి కాదు, వాడకానికి అన్న భావం అందులో మొదటిది. ఇవాళ ఆయన పుట్టినరోజు పేరిట ఆగస్టు 12ను దేశమంతా లైబ్రేరియన్ల దినంగా జరుపుకుంటున్నారు. ఏడాది శిక్షణ ఒక లెక్కల పంతుల్ని అంతవాణ్ణి చేసింది. మన బడి నుంచి రంగనాథన్ పుడతాడని నేననను. తాళం తీసే మనిషి ఒకరు వస్తే నాకు చాలు.

మనవాళ్ళ సంగతి కూడా ఒక మాట. పుస్తకాలు కూడబెట్టడంలో మనకు తక్కువ లేదు. హైదరాబాదులో ఇమాదుల్ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ గారి పూనికతో ఆసఫియా గ్రంథాలయం ఏర్పడింది 1891లో. పాట్నాలో ఖుదాబఖ్ష్ గ్రంథాలయం తలుపులు జనానికి తెరిచిందీ అదే ఏడు. ఇంకా వెనక్కి పోతే బాగ్దాదులో ఇబ్న్ అల్-నదీమ్ అనే పుస్తకాల వర్తకుడు, తండ్రి కూడా అదే వ్యాపారం, క్రీస్తుశకం 987 ప్రాంతంలో తనకు తెలిసిన అరబ్బీ పుస్తకాలన్నిటికీ 'అల్-ఫిహ్రిస్త్' అని జాబితా తయారు చేశాడు. దాన్ని పది భాగాలు చేశాడు. అమెరికాలో డ్యూయీ 1876లో తన దశాంశ వర్గీకరణకు విజ్ఞానాన్ని పది తరగతులు చేశాడు. పది పది కలిసిందని ఇద్దరికీ చుట్టరికం కలపను, మన ఉపన్యాసకులకు ఆ అలవాటు కాస్త ఎక్కువ. నేననేది, ఆ బాగ్దాదు వర్తకుడికి ఏ పుస్తకం ఎవరు రాశారు, దేన్ని గురించి రాశారు అన్నది తెలుసు. ఆ తెలివిడి బీరువాతో పాటు రాదు.

మన దేశంలో ఈ పని నేర్పే బడులు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చాయి. 1911లో బరోడా సంస్థానంలో బోర్డెన్ అనే అమెరికన్ తరగతులు పెట్టాడు. 1915లో లాహోరులో డికిన్సన్ అనే మరో అమెరికన్ పంజాబు విశ్వవిద్యాలయంలో పెట్టాడు. తరువాత ఖలీఫా ముహమ్మద్ అసదుల్లా గారు కలకత్తాలో ఇంపీరియల్ గ్రంథాలయానికి లైబ్రేరియన్‌గా ఉంటూ 1935లో అక్కడ శిక్షణ మొదలుపెట్టించారు. 1933లో ఏర్పడిన భారత గ్రంథాలయ సంఘానికి మొదటి కార్యదర్శి కూడా ఆయనే. ఆ 1935లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం వారూ తరగతులు పెట్టారు. మన తెలుగు నేలమీద 1914లో బెజవాడలో పుట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, అయ్యంకి వెంకటరమణయ్య గారు నడిపిన 'గ్రంథాలయ సర్వస్వం' పత్రిక పల్లెటూళ్ళలో పుస్తకాల గదులు నడిపేవాళ్ళకు చేసిన మేలు ఇంతా అంతా కాదు. తెలుగువాళ్ళు ఉద్యమంగా చేసుకున్న పని ఇది. మనం ఇదే ఊళ్ళో, ఇదే వీధుల్లో ఉంటూ దానికి దూరంగా ఉండడం నాకు నచ్చదు. మన కడపలోనే బ్రౌన్ దొర నివసించిన చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగుచేసి గ్రంథాలయం కట్టించారు. మన పిల్లల్లో ఎంతమంది దాని మెట్లెక్కారో ఇంటికెళ్ళి అడిగి చూడండి.

ఇప్పుడు, 'ఏముందయ్యా అందులో నేర్చుకోవడానికి, పుస్తకం ఇవ్వడం, తీసుకోవడమే గదా' అనేవాళ్ళకు జవాబు. మా బంధువుల్లో ఒక పెద్దాయన నన్ను ఇలాగే అడిగారు. ఆయనకు చెప్పినవే మీకూ చెప్తాను.

మన బడిలో ఉర్దూ పుస్తకాలున్నాయి, తెలుగువి ఉన్నాయి, ఇంగ్లీషువి ఉన్నాయి. ఉర్దూ పుస్తకం కుడివైపు నుంచి తెరుచుకుంటుంది. తెలియని వాడు ఇంగ్లీషు పుస్తకానికి చేసినట్టే చేస్తే బడి ముద్ర ఉర్దూ పుస్తకానికి చివరి పేజీలో పడుతుంది, తేదీల చీటీ ముఖపత్రం మీద అతుక్కుంటుంది. మా బడిలోనే అలాంటివి డజనుదాకా ఉన్నాయి. ముద్ర ఎక్కడ వెయ్యాలన్నది కూడా చదువే. ప్రతి గ్రంథాలయానికీ ఒక రహస్య పేజీ ఉంటుంది, ప్రతి పుస్తకంలోనూ అదే అంకె పేజీ మీద ముద్ర, వరస నంబరు వేస్తారు. పైపేజీ చింపేసినా పుస్తకం ఎవరిదో తెలుస్తుంది. ఇక మన పుస్తకాల్లో ఆయతులు, హదీసులు అచ్చయిన పేజీలు ఉంటాయి. వాటి మీద సిరా ముద్ర గుద్దకుండా చూసుకునే అదబ్ ఏ కోర్సులోనూ చెప్పరు, అది మన పిల్లలకు ఇంట్లోనే వచ్చి ఉంటుంది. అందుకే మన పిల్లనే పంపి నేర్పిద్దామంటున్నాను.

తరువాత పేర్లు. ఇది సరదా అయిన చిక్కు. పుస్తకాల పట్టికలో రచయిత పేరు ఏ ముక్కతో మొదలుపెట్టాలి? మన పేర్లను మొదటి ముక్కతో రాస్తే సగం బీరువా ముహమ్మద్ కిందికి, పావు బీరువా సయ్యద్ కిందికి, మిగతాది షేక్ కిందికి పోతుంది. బడి హాజరు పట్టీలో మాకు రోజూ ఉన్న బాధే. ఉర్దూ కవిని జనం తఖల్లుస్‌తో గుర్తుపడతారు. మిర్జా అసదుల్లా ఖాన్ గాలిబ్‌ను 'గాలిబ్' దగ్గర వెతుకుతారుగాని 'మిర్జా' దగ్గర వెతకరు. అది పేరుకు చివర ఉంటుంది. తెలుగువారికి ఇంటిపేరు ముందుంటుంది, విశ్వనాథ సత్యనారాయణ గారిని 'విశ్వనాథ' దగ్గర చూస్తారు. శ్రీశ్రీని శ్రీశ్రీగానే చూస్తారు. ఇంగ్లీషువాడి ఇంటిపేరు మళ్ళీ చివర. ఒకే గదిలో మూడు రకాల పేర్లు! దీనికి నియమాలున్నాయి, రెండు వారాలు కూర్చుంటే వస్తాయి. రాకపోతే పిల్లవాడు అడిగిన పుస్తకం గదిలో ఉండి కూడా దొరకదు. దొరకని పుస్తకం లేని పుస్తకంతో సమానం.

వర్గీకరణ అంకెలూ అంతే. డ్యూయీ లెక్కలో ఇస్లాంకు 297, అందులో ప్రవక్త (స) జీవితానికి 297.63. ఉర్దూ సాహిత్యం 891.439, తెలుగు సాహిత్యం 894.827. ఒకటి ఆర్య భాషల్లో, ఒకటి ద్రావిడ భాషల్లో, అయినా అరలో పక్కపక్కనే వచ్చి కూర్చుంటాయి, మన కడప వీధుల్లో లాగే. మతాలకు ఇచ్చిన 200 అంకెల్లో ఎక్కువ భాగం క్రైస్తవానికి ఇచ్చి, లోకంలోని మిగతా మతాలన్నిటినీ 290లోకి సర్దేశాడు డ్యూయీ. అది ఆయన పక్షపాతమే. దానికోసం మనం కొత్త వర్గీకరణ కనిపెట్టనక్కరలేదు. చిన్న బడికి మూడంకెలు చాలు, చిన్న తరగతులకు రంగు చీటీలు చాలు.

అన్నిటికంటె పెద్ద చదువు పుస్తకం ఎంచడం. ఒక బడిలో ఆరో తరగతి అమ్మాయి ఉర్దూ పుస్తకం కావాలని అడిగితే, ఆమెకు దొరికింది ఇక్బాల్ కుల్లియాత్. చదువులో చురుకైన పిల్ల గనుక పెద్ద పుస్తకమే ఇచ్చామని గర్వంగా చెప్పారు. ఆ పిల్ల మర్నాడు తెచ్చి ఇచ్చేస్తూ, "ఇంతకంటె చిన్నది లేదా సార్?" అని అడిగింది. లేదు. ఆ ఏడాది ఆమె మళ్ళీ అడగలేదు. ఇక్బాల్ గారు పిల్లల కోసం కూడా రాశారు. హైదరాబాదులో పుట్టి రాష్ట్రపతి అయిన జాకిర్ హుసేన్ గారు 'అబ్బూఖాన్ కీ బకరీ' అని పిల్లల కథ రాశారు. క్రిషన్‌చందర్ 'ఉల్టా దరఖ్త్' రాశాడు. ఉర్దూ జాతీయ మండలి వారు 'బచ్చోఁ కీ దునియా' పత్రిక తెచ్చారు. నేషనల్ బుక్ ట్రస్టు వారు నెహ్రూ బాల పుస్తకాలయం కింద ఒకే బొమ్మల పుస్తకాన్ని ఎన్నో భాషల్లో వేశారు. ఉర్దూది, తెలుగుది పక్కపక్కన పెట్టుకుని చదివితే రెండు భాషలూ ఒకేసారి వస్తాయి. సికింద్రాబాదు 'మంచి పుస్తకం' వారివి తెలుగులో చవకగా, చక్కగా ఉన్నాయి. ఇవన్నీ ఉన్నాయని ఎవరికి తెలియాలి? దాత గారికా? ఆయన మంచి మనసుతో దుకాణానికి వెళితే, దుకాణదారు అమ్ముడుపోని గైడ్లు, లావుపాటి డిక్షనరీలు కట్టగట్టి ఇస్తాడు. ఈ మాట దాతలను నొప్పించడానికి కాదు, సాహెబ్. ఏ వయసు పిల్లకు ఏ పుస్తకమో తెలిసినవాళ్ళు చీటీ రాసిస్తే దాత డబ్బుకు నిజమైన సవాబ్ దక్కుతుందని.

పుస్తకం చేతిలో పెట్టగానే పని అయిపోదు. పది నిమిషాలు గట్టిగా చదివి వినిపించి, కథ మంచి పట్టులో ఉండగా ఆపి, మిగతాది ఇందులో ఉంది అని చూపించాలి. మన నానమ్మలు రాత్రిళ్ళు చేసింది ఇదే. శిక్షణలో దీన్ని పద్ధతిగా నేర్పుతున్నారు. టాటా ట్రస్టుల 'పరాగ్' వాళ్ళు బడి గ్రంథాలయాల వాళ్ళకోసమే ప్రత్యేకంగా ఒక కోర్సు హిందీలోను, ఇంగ్లీషులోను నడుపుతూ వచ్చారు. కొన్నాళ్ళు కూర్చోబెట్టి, మిగతా కాలం ఇంటి దగ్గర నుంచే పని చేయిస్తారు. హిందీలో చెబితే మన పిల్లలకు చెవికి అర్థమవుతుంది, లిపి కాస్త నేర్చుకోవాలి.

కంప్యూటరు సంగతి క్లుప్తంగా చెప్తాను. న్యూజిలాండులో పుట్టిన 'కోహా' ఉంది, డబ్బు కట్టనక్కరలేదు. మన ప్రభుత్వ ఎన్.ఐ.సి. వారి 'ఈ-గ్రంథాలయ' ఉంది. వెయ్యి పుస్తకాల లోపు బడికి మంచి రిజిస్టరు, కార్డుల పెట్టె ఇవాళ్టికీ చాలు. మొదట అది వస్తే కంప్యూటరు దానంతట అదే వస్తుంది. వెనకటి నుంచి ముందుకు నేర్చుకునేవాళ్ళు కంప్యూటరు మీద దుమ్ము గుడ్డ కప్పి ఉంచడం నేను చూశాను.

ఎక్కడ నేర్పించాలి? ఇదివరకు మనవాళ్ళు కొందరు హైదరాబాదు సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చదివారు. 1982లో పెట్టారు, తరువాత అంబేద్కర్ గారి పేరు పెట్టారు. 2014లో రాష్ట్రం రెండయ్యాక మనకు ఇగ్నో దారి దగ్గర. గ్రంథాలయ శాస్త్రంలో వాళ్ళకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు ఉంది, ఇంటర్ చదివినవాళ్ళు చేరవచ్చు. డిగ్రీ అయినవాళ్ళకు ఏడాది బ్యాచిలర్ కోర్సు ఉంది. ఇంట్లో ఉండి చదవవచ్చు, పరీక్షలకు, కొన్ని తరగతులకు వెళ్ళాలి. ఇంకో మేలు ఏమంటే, ఆ పాఠాలు 'ఈ-జ్ఞాన్‌కోశ్' అన్న చోట డబ్బు కట్టకుండానే చదవడానికి పెట్టారు. చేరకముందే పిల్ల నాలుగు పాఠాలు ఫోనులో చదివి, నాకు వస్తుందా రాదా తేల్చుకోవచ్చు. రెగ్యులర్‌గా చదివించే స్తోమత ఉంటే తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆ శాఖ ఉంది. హైదరాబాదులో 1998లో పెట్టిన మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఉర్దూ మీడియం పంతుళ్ళ వృత్తి నైపుణ్యం పెంచడానికే ఒక కేంద్రం ఉంది. అది నేరుగా లైబ్రేరియన్ల కోసం కాదు. మనలాంటి సంఘాలు అడిగితే, అందులో కుతుబ్‌ఖానా నడిపే పని కూడా రెండు రోజులు చెప్పించుకోవచ్చునని నా ఆశ. అడగనిదే అమ్మ అన్నం పెట్టదు.

కోర్సులకంటె నాకు ఎక్కువ నమ్మకం ఉన్న దారి ఇంకొకటి. కేంద్రీయ విద్యాలయాల్లోను, నవోదయ విద్యాలయాల్లోను చదువుకున్న లైబ్రేరియన్ ఉంటాడు. జిల్లా గ్రంథాలయంలో ఏళ్ళ తరబడి పని చేసిన అనుభవజ్ఞులుంటారు. సంఘం లెటర్‌హెడ్ మీద మర్యాదగా ఒక ఉత్తరం రాసి, మా అమ్మాయి పది శనివారాలు మీ పక్కన కూర్చుని చూస్తుంది అని అడిగితే కాదనేవాళ్ళు తక్కువ. చేతిపని చూసి నేర్చుకోవాలి. దర్జీ దుకాణంలో ఎలా నేర్చుకుంటారో ఇదీ అంతే. ఉర్దూ పుస్తకాల కోసం 'రేఖ్తా' ఉంది, బొమ్మల కథలకు 'స్టోరీవీవర్' ఉంది, అందులో ఉర్దూ కథలు, తెలుగు కథలు రెండూ దొరుకుతాయి. నాలుగు కథలు అచ్చు తీసి సూదీదారంతో కుట్టినా పిల్లల చేతికి నాలుగు పుస్తకాలు. ప్రపంచ గ్రంథాలయ సంఘాల సమాఖ్య వారు 2015లో బడి గ్రంథాలయాలకు మార్గదర్శకాలు వేశారు, ఉచితంగా దొరుకుతాయి. పెద్ద దేశాల కొలతలు అవి, మన గది పదహారడుగులు. అయినా చదవాలి. అందులో గదికంటె ముందు శిక్షణ పొందిన మనిషి సంగతి గట్టిగా చెప్పారు.

నేను ఇందాకటినుంచి 'అమ్మాయి' అంటున్నాను, కొందరు పెద్దలు గమనించే ఉంటారు. కావాలనే అన్నాను. మన వాడల్లో డిగ్రీ అయి ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఇది బడి వేళల్లో, బడి ఆవరణలో, పిల్లల మధ్య చేసే పని. 1887లో న్యూయార్కులో డ్యూయీ లోకంలో మొదటి గ్రంథాలయ బడి తెరిచినప్పుడు ఇరవై మంది చేరితే పదిహేడు మంది ఆడవాళ్ళే. ఆ కాలేజీ పెద్దలు ఆడవాళ్ళకు మా గదులు ఇవ్వమన్నారు. ఆయన ప్రార్థనా మందిరం పైనున్న సామాన్ల గది ఊడిపించి అందులో పాఠాలు మొదలుపెట్టాడు. మనకు ఆ అవస్థ లేదు, గది ఉంది.

చిక్కులు లేవని చెప్పను. ఒకటి, కోర్సు పాఠాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటాయి, ఉర్దూ మీడియం పిల్ల తడబడుతుంది. దానికి ఆదివారం ఉదయం ఒక గంట నేను, మరో ఉపాధ్యాయ మిత్రుడు కూర్చుంటాము. రెండోది, నేర్పించాక పెళ్ళయి వెళ్ళిపోతే? ఈ ప్రశ్న మగపిల్లవాడు ఉద్యోగమొచ్చి వెళ్ళిపోతే అని ఎవరూ అడగరు. సరే, జవాబు చెప్తాను. ఇద్దరికి నేర్పిద్దాం. ఒకరు వెళ్ళినా ఒకరుంటారు. వెళ్ళినామె ఆ సర్టిఫికెట్ తనతో తీసుకుపోతుంది, ఏ ఊళ్ళోనైనా అన్నం పెడుతుంది. అది కూడా సంఘం చేసిన సంక్షేమమే గదా. మూడోది డబ్బు. జకాత్ సొమ్ము ఇందుకు వాడవచ్చునా అని నన్నొకరు అడిగారు. అది ఉలమాలు చెప్పాల్సిన మాట, నేను నోరు పెట్టను. జకాత్‌ను ముట్టనక్కరలేదనే నా లెక్క. ఒక మంచి స్టీలు బీరువా ఇవాళ పది పదిహేను వేలు. ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు రుసుము అంతకంటె తక్కువే. ప్రాస్పెక్టస్ తెప్పించి కోశాధికారి గారు సరిచూసుకోవచ్చు. బస్సు చార్జీలు, పరీక్ష ఖర్చులకు ఈ సావనీరు ప్రకటనల్లో మిగిలేది సరిపోతుంది.

చదువయ్యాక ఆమెకు జీతం? ఇది అసలైన ప్రశ్న, దీన్ని దాటవేస్తే నా ప్రసంగం వృథా. మొదటి ఏడు గౌరవ వేతనం సంఘమే ఇవ్వాలి, 'ఖిద్మత్' అని చెప్పి ఊరికే చేయించుకోకూడదు. ఖిద్మత్ పేరుతో మన ఆడపిల్లల చేత చాలా పని ఊరికే చేయించుకున్నాము. సర్కారు బడులకు సమగ్ర శిక్ష కింద గ్రంథాలయ గ్రాంటు బడి స్థాయిని బట్టి ఏడాదికి 5,000 నుంచి 20,000 రూపాయల దాకా నియమాల్లో ఉంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ పత్రికలు, కథల పుస్తకాలతో సహా గ్రంథాలయం ఉండాలని ఉంది. అవి పుస్తకాలకే, మనిషికి కాదు. మనిషి సంగతి ఎప్పుడూ ఖాళీగానే వదిలారు. ఆ ఖాళీని మనం నింపాలి.

అందుచేత తీర్మానంలో 'రెండు బీరువాలు' అన్న చోట 'ఒక బీరువా, ఇద్దరికి గ్రంథాలయ శిక్షణ' అని సవరించవలసిందిగా సభ వారిని కోరుతున్నాను. దానితోపాటు వెయ్యికి అయిదు పుస్తకాల నష్టం ఒప్పుకునే నియమం కూడా ఈ రోజే రాసుకుందాం, లేకపోతే కొత్త లైబ్రేరియన్ చేతిలో కూడా తాళమే ఉంటుంది. ఇగ్నోలో చేరికలు జనవరి, జూలై రెండు దఫాలు. జూలై దఫాకు పేర్లు ఇవ్వాలంటే వేసవి సెలవులకు ముందే కార్యవర్గం ఇద్దరిని ఎంపిక చెయ్యాలి. దరఖాస్తు కాగితం ఎలా నింపాలో అడిగేవాళ్ళు జుమా నమాజు తరువాత బడి దగ్గర నన్ను కలవవచ్చు. ఆడపిల్లలు వాళ్ళ అమ్మీతోగాని, ఆపాతోగాని బడి వేళల్లో వస్తే మా ఉపాధ్యాయినులు చెప్తారు. సవరణను బలపరచడానికి సభ్యుల్లో ఒకరు లేవాలి.